సమ్మర్‌లో లీనియర్ ఆల్జీబ్రా తీసుకోబోతున్న సాహితికి

చి. సాహితికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఈ సమ్మర్‌లో మీ ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో లీనియర్ ఆల్జీబ్రా తీసుకుందామనుకుంటున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. అది ఇప్పుడే అయిపోతే ఫాల్‌లో మెషీన్ లెర్నింగ్ కోర్సుకి అడ్డు ఉండదని నీ ఆలోచన. ఆలోచన మంచిదే. "ఇంటర్‌లో మ్యాట్రిసెస్ అన్నీ చేసేశాను కదా, ఈజీగా అయిపోతుంది" అన్నావట. ఈ ఉత్తరం ఆ మాట విన్నాకే రాస్తున్నాను. ఇక్కడ కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి ఈ కోర్సు చెప్పాను, సమ్మర్‌లోనూ చెప్పాను. ఇంటర్ ఎంపీసీ చదివి వచ్చిన మన పిల్లలు ఇందులో ఏ వారంలో తడబడతారో నాకు బాగా తెలుసు.

ఇంటర్ ఫస్టియర్ 1ఎ లో నువ్వు చేసినవి గుర్తు తెచ్చుకో. డిటర్మినెంట్, ఇన్వర్స్, క్రామర్ పద్ధతి, గాస్-జోర్డాన్ పద్ధతి. మూడు సమీకరణాలు ఇస్తే ఎక్స్, వై, జెడ్ కనుక్కోవడం, ఏడు మార్కులు తెచ్చుకోవడం. అదేమీ వృథా కాదు. మొదటి రెండు వారాలు క్లాసులో అందరికంటే ముందు నువ్వే లెక్క ముగించి పెన్ను పెడతావు. ఆ ధైర్యమే నిన్ను ఏమరుపాటులో పడేస్తుంది. ఎందుకంటే మూడో వారంలో వెక్టర్ స్పేస్ (కూడినా, సంఖ్యతో గుణించినా బయటికి పోని వెక్టర్ల సముదాయం), దాని లోపలి సబ్‌స్పేస్, స్పాన్, లీనియర్ ఇండిపెండెన్స్, బేసిస్, డైమెన్షన్ అన్నీ వరసగా వచ్చి పడతాయి. అప్పుడు ప్రశ్న "జవాబు కనుక్కో" అని ఉండదు. "ఇది సబ్‌స్పేస్ అవుతుందా? అయితే ఎందుకు, కాకపోతే ఎందుకు?" అని ఉంటుంది. దానికి చెయ్యి వేగం పనికిరాదు. మామూలు సెమిస్టర్‌లో ఈ భాగానికి నెల పైన దొరుకుతుంది. ఆరు వారాల సమ్మర్‌లో వారంన్నర దొరికితే ఎక్కువ. ఈ మాటలు నీకు అర్థం కానంత కష్టమైనవి కావు. కాకపోతే చదివిన రోజుకీ అవి మనసులో కుదురుకునే రోజుకీ మధ్య కొంత కాలం పడుతుంది, సమ్మర్ కోర్సులో లేనిది సరిగ్గా ఆ కాలమే. కాబట్టి దాన్ని నువ్వు మే నెలలోనే సంపాదించుకోవాలి. ఎలాగో చెప్తాను, ముందు కాగితాల సంగతి ముగిద్దాం.

క్రెడిట్ బదిలీ అవుతుందో లేదో ఫీజు కట్టకముందే తేల్చుకో. మీది యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) గానీ కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) గానీ అయితే అసిస్ట్ వెబ్‌సైట్‌లో ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు మీ యూనివర్సిటీలో దేనికి సమానమో ఉంటుంది. అక్కడ కనపడినా సరే, మీ డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కి ఈమెయిల్ రాసి, జవాబు దాచుకో. కొన్ని యూనివర్సిటీల్లో లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కలిపి ఒకే కోర్సుగా ఉంటాయి. అలాంటి చోట విడి కోర్సు ఒక్కటే చేస్తే చాలకపోవచ్చు. ఫీజు కాలిఫోర్నియా రెసిడెంట్‌కి యూనిట్‌కి 46 డాలర్లే, రెసిడెంట్ కాకపోతే దానికి ఎన్నో రెట్లు. నీ రెసిడెన్సీ కాలేజీ రికార్డులో ఎలా ఉందో నాన్నని ఒకసారి చూడమను. ఆన్‌లైన్ సెక్షన్, క్లాసుకి వెళ్లే సెక్షన్ రెండూ ఉంటే వెళ్లేదే తీసుకో. రికార్డు చేసిన పాఠాన్ని రేపు చూద్దాంలే అనుకుంటే ఆరు వారాల కోర్సులో ఆ రేపు దొరకదు. ఎనిమిది వారాల సెక్షన్ ఎక్కడైనా ఉంటే, కొంచెం దూరమైనా అదే నయం.

ఇక టైము. మూడు యూనిట్ల కోర్సంటే మొత్తం మీద 50 గంటల పైచిలుకు క్లాసు. ఆరు వారాల్లో సర్దితే వారానికి దాదాపు తొమ్మిది గంటలు. గంట క్లాసుకి రెండు గంటలు ఇంట్లో అనుకుంటే అది మరో పద్దెనిమిది. అంటే ఇది పార్ట్‌టైమ్ ఉద్యోగం కంటే ఎక్కువే. ఫుల్‌టైమ్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి చేయగలనని ఎవరైనా చెప్తే నమ్మకు. రెండో కోర్సు అసలే వద్దు. శ్రావణంలో మీ బాబాయి కూతురి పెళ్లికి ఇండియా వెళ్తామని అమ్మ అంటోంది. ఫైనల్ ఏ తేదీనో చూసుకుని ఆ తర్వాతి రోజుకి టికెట్ తీసుకోండి. ఇక్కడ ఒక్క రోజు క్లాసు పోతే మామూలు సెమిస్టర్‌లో దాదాపు వారం పోయినట్టు. డ్రాప్ చేసే గడువులు కూడా ఇలాగే కుదించుకుపోతాయి. రికార్డులో డబ్ల్యూ (మధ్యలో మానేసినట్టు గుర్తు) పడకుండా తప్పుకోవాలంటే మొదటి వారం, వారంన్నరలోపే నిర్ణయం తీసుకోవాలి. అందుకే మొదటి క్విజ్ మార్కుల్ని తేలిగ్గా తీసుకోకు.

మే నెలలో రోజూ ఓ ముప్పావుగంట చాలు. ఎం.ఐ.టి. వాళ్ల 18.06 కోర్సు పాఠాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, ప్రొఫెసర్ గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పినవి. మొదటి పది చూడు. అన్నీ అర్థం కావాలని పట్టుబట్టకు, ఆ మాటలు చెవిన పడితే చాలు. వాటితో పాటు ఒక నోట్‌బుక్ పెట్టుకుని నిర్వచనాలు మాత్రమే రాయి. ఒక పేజీకి ఒకటే మాట. పైన పుస్తకంలో ఉన్న నిర్వచనం యథాతథంగా, కింద అవుననే ఉదాహరణ ఒకటి, కాదనే ఉదాహరణ ఒకటి. ఆ కాదనే ఉదాహరణ దగ్గరే నీకు విషయం తెలిసిందో లేదో బయటపడుతుంది.

సబ్‌స్పేస్ తీసుకో. సున్నా వెక్టర్ అందులో ఉండాలి, రెండింటిని కూడితే బయటికి పోకూడదు, ఏ సంఖ్యతో గుణించినా బయటికి పోకూడదు. మూలబిందువు గుండా పోయే తలం సబ్‌స్పేస్. ఎక్స్ + వై + జెడ్ = 1 అనే తలం కాదు, అందులో సున్నా వెక్టర్ లేదు. ఇది అందరూ రాస్తారు. నువ్వు ఇంకో మెట్టు వెళ్లు: సున్నా ఉంది, కూడినా లోపలే ఉంటుంది, అయినా సబ్‌స్పేస్ కానిది చెప్పగలవా? గ్రాఫులో మొదటి పాదం, దాని అంచులతో సహా తీసుకో. అక్కడి వెక్టర్లని ఎన్నింటిని కూడినా అక్కడే ఉంటాయి. మైనస్ 1తో గుణించావంటే బయటపడతాయి. ఇలాంటిది నీ అంతట నువ్వు ఒక్కటి కనుక్కుంటే, ఆ నిర్వచనాన్ని ఇక బట్టీ పట్టక్కర్లేదు.

రెండో పని, ఒకే మ్యాట్రిక్స్‌ని పట్టుకుని కోర్సంతా దానితో నడువు. రోజుకొక కొత్త మ్యాట్రిక్స్ మీద రోజుకొక కొత్త పద్ధతి చేస్తూ పోతే అవన్నీ విడివిడి చాప్టర్లుగానే మిగిలిపోతాయి. నేను పిల్లలకి ఇచ్చేది చాలా మామూలు మ్యాట్రిక్స్. మొదటి వరస 1, 2, 3. రెండోది 4, 5, 6. మూడోది 7, 8, 9. దీని డిటర్మినెంట్ సున్నా. ఇంటర్‌లో అయితే "ఇన్వర్స్ లేదు" అని రాసి అక్కడితో వదిలేసేవాళ్లం. ఇక్కడ కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

దీని నిలువు వరసలు చూడు: (1, 4, 7), (2, 5, 8), (3, 6, 9). ఏదీ ఇంకోదానికి గుణిజం కాదు. కాబట్టి ఇవి ఇండిపెండెంట్ అని పరీక్షలో ఎంతమంది రాస్తారో! కానీ మొదటిదాన్ని, మూడోదాన్ని కూడి, రెండోదాన్ని రెండుసార్లు తీసేస్తే సున్నా వస్తుంది. అంటే డిపెండెంట్. ఇండిపెండెంట్ అనాలంటే, ఆ వెక్టర్లని సంఖ్యలతో గుణించి కూడితే సున్నా రావడానికి ఒకటే దారి ఉండాలి, ఆ సంఖ్యలన్నీ సున్నా కావడం. జంటలుగా పోల్చి చూస్తే రెండు వెక్టర్లకి సరిపోతుంది, మూడింటికి సరిపోదు. ఈ తేడా చేత్తో చేసి చూసినవాళ్లు మళ్లీ మర్చిపోరు.

ఇప్పుడు ఆ మూడు వరసల్నీ గుణించిన సంఖ్యల్ని, అంటే (1, −2, 1) ని పక్కన రాసి పెట్టుకో. ఈ మ్యాట్రిక్స్‌తో గుణిస్తే సున్నా అయిపోయే వెక్టర్లన్నీ కలిపి దీని నల్ స్పేస్. ఇక్కడ అది (1, −2, 1) గుణిజాలన్నీ ఉన్న సరళరేఖే. ర్యాంక్ (ఇండిపెండెంట్ నిలువు వరసల సంఖ్య) 2, నల్లిటీ (నల్ స్పేస్ డైమెన్షన్) 1, రెండూ కలిపితే 3, అంటే మొత్తం నిలువు వరసలు. సమీకరణాల్లో కుడిపక్క (1, 1, 1) పెట్టు. (−1, 1, 0) ఒక జవాబు. దానికి (1, −2, 1) ని ఎన్నిసార్లు కలిపినా అదీ జవాబే, కాబట్టి జవాబులు అనంతం. కుడిపక్క (1, 0, 0) పెట్టు, ఒక్క జవాబూ లేదు, ఎందుకంటే నిలువు వరసలు పరిచే తలంలో ఆ వెక్టర్ లేదు. ఐదో వారంలో ఐగెన్ వేల్యూలు వస్తాయి. మ్యాట్రిక్స్‌తో గుణించినా ఒక వెక్టర్ తన గుణిజంగానే మిగిలితే అది ఐగెన్ వెక్టర్, ఆ గుణించే సంఖ్య ఐగెన్ వేల్యూ. వెంటనే ఒకటి సున్నా అని చెప్పగలవు, దాని ఐగెన్ వెక్టర్ మళ్లీ ఆ (1, −2, 1) నే. మిగతా రెండూ చేత్తో చేస్తే వర్గమూలాలతో వికారంగా వస్తాయి కానీ, ఆ రెండింటి మొత్తం 15 అని వికర్ణం మీద ఉన్న 1, 5, 9 కూడి చెప్పేయొచ్చు. డిటర్మినెంట్ సున్నా, ఇన్వర్స్ లేకపోవడం, నిలువు వరసలు డిపెండెంట్ కావడం, నల్ స్పేస్‌లో సున్నా కానిది ఉండడం, సున్నా ఐగెన్ వేల్యూ కావడం... ఇవి ఐదు విషయాలు కావు తల్లీ, ఒకటే విషయం. ఈ సంగతి ఫైనల్‌కి ముందు రాత్రి కాకుండా మూడో వారంలోనే తట్టినవాళ్లకి మిగతా కోర్సు ఎంత తేలికవుతుందో నేను ఎన్నోసార్లు చూశాను. ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడడం కోసమే ఈ కోర్సు ఇమ్మని ప్రతి ఏడూ అడిగేదాన్ని.

క్యాలిక్యులస్ పెద్దగా వాడరు కదా, మరి అది ముందు చేసి ఉండాలని ఎందుకు అడుగుతారని నీకు అనిపించవచ్చు. చాలావరకు అలవాటు కోసమే, కానీ ఒకచోట నిజంగా పనికొస్తుంది. రెండో డిగ్రీ దాకా ఉన్న పాలినామియల్స్ అన్నీ ఒక వెక్టర్ స్పేస్, 1, ఎక్స్, ఎక్స్ స్క్వేర్ అనే మూడింటితో అన్నీ కట్టొచ్చు కాబట్టి దాని డైమెన్షన్ 3. డెరివేటివ్ తీయడం దాని మీద ఒక లీనియర్ ట్రాన్స్‌ఫర్మేషన్, అంటే కూడికనీ సంఖ్యతో గుణకారాన్నీ చెడగొట్టని మార్పు. అది సున్నా చేసేది స్థిరసంఖ్యల్ని, కాబట్టి నల్లిటీ 1, ర్యాంక్ 2. వెక్టర్ అంటే బాణం గుర్తే కాదని మొదటిసారి ఇక్కడే తెలుస్తుంది.

ప్రూఫ్‌లంటే భయపడకు. ఈ కోర్సులో వచ్చేవి రెండు మూడు లైన్లవే. మొదటి లైను ఎప్పుడూ దాదాపు ఒకటే: "యు, వి ఈ సెట్‌లో ఉన్నాయనుకుందాం." రెండో లైనులో, ఆ సెట్‌లో ఉండడమంటే ఏమిటో నిర్వచనం ప్రకారం రాస్తావు. సగం ప్రూఫ్ అయిపోయినట్టే, సగం మార్కులు కూడా. ఏమీ రాయకుండా వదిలేయడమే పెద్ద నష్టం. జవాబు తప్పయితే మొత్తం పోతుందన్న ఎంసెట్ నాటి అలవాటుతో మన పిల్లలు పేజీ ఖాళీగా ఇచ్చేస్తారు. ఇక్కడ నీ ఆలోచన ఏ దారిలో వెళ్లిందో చూసి మార్కులు వేస్తారు. ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి మొదటి వారమే వెళ్లు, అడగడానికి ఏమీ లేకపోయినా ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి ఒక పేజీ చూపించు. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానేమో అనే మొహమాటం ఇక్కడ అక్కర్లేదు, ఆ గంటలు నీ కోసం పెట్టినవే.

రో రిడక్షన్, అంటే గాస్-జోర్డాన్‌లో లాగా అడ్డు వరసల్ని సరళం చేయడం, మొదటి రెండు వారాలు చేత్తోనే చెయ్యి. భిన్నాల దగ్గర గుర్తులు తారుమారు కాకుండా చేయడం అలవాటైతేనే పరీక్షలో టెన్షన్ ఉండదు. ఆ తర్వాత పైథాన్‌లో సరిచూసుకో. మన 1 నుంచి 9 మ్యాట్రిక్స్ డిటర్మినెంట్‌ని నంపై అనే పైథాన్ లైబ్రరీతో కట్టించు. సున్నా బదులు చాలా చాలా చిన్న అంకె రావచ్చు. కంప్యూటర్ దశాంశాలని సవరించి దాచుకుంటుంది కాబట్టి అలా అవుతుంది. దశాంశాలు కాకుండా కచ్చితమైన సంఖ్యలతో లెక్క చేసే సింపై లైబ్రరీలో చేస్తే కచ్చితంగా సున్నా చూపిస్తుంది. సీఎస్ చదివేదానివి, ఈ తేడా నీకు ముందు ముందు బాగా పనికొస్తుంది. చాట్‌బాట్‌ని మాత్రం హోంవర్క్ చేయమని అడగకు. నువ్వు రాసిన ప్రూఫ్ ఇచ్చి, ఇందులో ఏ లైను నిలబడదో చెప్పమని అడుగు. అది చెప్పింది కూడా నిర్వచనంతో సరిచూసుకోవాలి సుమా.

చివరి వారంలో ఆర్తోగోనాలిటీ (వెక్టర్లు ఒకదానికొకటి లంబంగా ఉండడం), లీస్ట్ స్క్వేర్స్ వస్తాయి. సమ్మర్‌లో చాలామంది ప్రొఫెసర్లకి టైము చాలక ఇక్కడే పరుగెడతారు. నీకేమో మెషీన్ లెర్నింగ్‌కి కావాల్సింది ముఖ్యంగా ఇదే. ఇందాక (1, 0, 0) కి జవాబు లేదన్నాం కదా. జవాబు లేనప్పుడు, ఉన్నంతలో దగ్గరిది ఏదని అడగడమే లీస్ట్ స్క్వేర్స్. ఇన్వర్స్ లేని మ్యాట్రిక్స్‌కి ఇన్వర్స్ లాంటిది కట్టి ఈ ప్రశ్నకి దారి చూపించవచ్చు. మూర్, పెన్‌రోజ్ వంటి వాళ్లతో పాటు ఆ సిద్ధాంతాన్ని పెంచినవారిలో మన సి.ఆర్. రావు గారు ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దశాబ్దాలు పనిచేశారు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, అదే ఏడు 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. క్లాసులో ఈ భాగం హడావుడిగా అయిపోతే, పెళ్లి నుంచి తిరిగొచ్చాక ఫాల్ మొదలయ్యేలోపు నాలుగు రోజులు దీనికే పెట్టు. గ్రేడ్ వచ్చేసింది కదా అని వదిలేయకు.

ముందు అడ్వైజర్‌కి ఈమెయిల్ రాయి, సమ్మర్ రిజిస్ట్రేషన్ ఎప్పుడు తెరుస్తారో చూసుకో, ఈ సెక్షన్లు త్వరగా నిండిపోతాయి. నోట్‌బుక్‌లో మొదటి ఐదు పేజీలు రాశాక ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. ఆదివారం సాయంత్రాలు నేను ఇంట్లోనే ఉంటాను. ఏ లెక్క రాలేదని కాకుండా ఏ మాట అర్థం కాలేదో రాసి పంపితే, దాని మీద కూర్చుని మాట్లాడుకుందాం.

అమ్మకీ నాన్నకీ మా ఇద్దరి తరఫునా అడిగామని చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ