రాత్రి వేసుకున్న మాత్ర ఉదయానికి రక్తంలో ఉందా?

చిరంజీవి సౌమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు కాకినాడలో హార్మోన్ల క్లినిక్ తెరుస్తున్నావనీ, కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను మితిమీరే జబ్బు) అనుమానం ఉన్నవాళ్లకు తొలి పరీక్ష అక్కడే చేయిస్తావనీ మీ నాన్న చెప్పాడు. గర్వంగానే ఉంది, కానీ ఉద్యోగమంతా ల్యాబులో గడిపినవాణ్ణి కాబట్టి నిశ్చింతగా మాత్రం లేను.

రాత్రి 11, 12 గంటల మధ్య 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ (జబ్బు లేనివాళ్లలో కార్టిసాల్‌ను అణచే స్టెరాయిడ్ మాత్ర) ఇచ్చి, మర్నాడు ఉదయం 8, 9 గంటల మధ్య రక్తం తీయడం, కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు దాటకపోతే అణిగినట్టు లెక్కించడం నీకు నేను నేర్పనక్కర్లేదు. అర మిల్లీగ్రాము మాత్రలు ఇస్తే మాత్రం, రెండూ ఒకేసారి వేసుకోవాలని చీటీ మీద తెలుగులో రాయి.

నా భయమల్లా అణగని కార్టిసాల్‌ను చూసి తొందరపడతావేమోనని. ఒక ఆసుపత్రి నుంచి మా ల్యాబుకు ఒకావిడ రక్తం వచ్చేది. ఆమెకు ఊబకాయం, బీపీ, షుగరు ఉన్నాయి, కార్టిసాల్ అణగలేదు. పరీక్ష మళ్లీ చేశారు, మళ్లీ అదే ఫలితం వచ్చింది, దాంతో రోగం రూఢి అయిందనుకున్నారు. ఎంఆర్ఐలో మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి మీద చిన్న మచ్చ కనబడేసరికి ఆపరేషన్ మాట కూడా వచ్చింది. అలాంటి మచ్చలు ఏ జబ్బూ లేని పదిమందిలో ఒకరికి ఉంటాయన్న సంగతి అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు. పరీక్ష కోరుతూ పంపిన కాగితంలో ‘వాడుతున్న మందులు’ అన్న గడి ఖాళీగా ఉండడం చూసి వార్డుకు ఫోను చేస్తే, సిస్టరు కేసుషీటు తిప్పి మూర్ఛకు ఫెనిటాయిన్ వాడుతోందని చదివింది. ఆ మందు కాలేయంలోని సీవైపీ3ఏ4 ఎంజైమును పురిగొల్పుతుంది, ఆ ఎంజైము డెక్సామెథసోన్‌ను తెల్లారేలోగా కరిగించేస్తుంది. మిగిలిన సీరంలో మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలిపిస్తే డెక్సామెథసోన్ దాదాపు లేదు. అర్ధరాత్రి లాలాజలంలో కార్టిసాల్ మామూలుగానే వచ్చింది, ఆపరేషన్ ఆగింది. అదే పరీక్షను పదిసార్లు చేసినా ఆ తప్పే పదిసార్లు వచ్చేది, ఎందుకంటే లోపం కొలతలో లేదు, మందు నిలవకపోవడంలో ఉంది.

క్షయకు రిఫాంపిసిన్ వాడేవాళ్లు మన ప్రాంతంలో నీకు తరచూ ఎదురవుతారు. అదీ, మూర్ఛకు వాడే కార్బమజెపిన్, ఫీనోబార్బిటాల్ కూడా ఆ ఎంజైమును పురిగొల్పేవే. కాబట్టి అణగని ప్రతి నమూనాలోనూ, అదే ట్యూబులోంచి, డెక్సామెథసోన్ స్థాయి కూడా కొలిపించు. లీటరుకు సుమారు 3.3 నానోమోల్స్ దాటితే మందు సరిపడా అందినట్టు చాలామంది లెక్కిస్తారు, అయినా నీ ల్యాబు తన పద్ధతికి నిర్ధారించుకున్న హద్దునే పాటించు. ఖర్చు ఎక్కువని రోగి అంటాడు. అనవసరమైన ఎంఆర్ఐ ఖర్చు ఎంతో చెప్పు.

ఈ స్థాయి ఒక్కటే అన్ని చిక్కులూ విప్పదు. గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజెన్ కార్టిసాల్‌ను మోసే ప్రొటీన్‌ను పెంచుతుంది కాబట్టి, డెక్సామెథసోన్ సక్రమంగా ఉన్నా మొత్తం కార్టిసాల్ ఎక్కువగానే కనిపిస్తుంది. వీలైతే ఆ మాత్రలు ఆరు వారాలు ఆపించి పరీక్షించు. ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్, హెచ్ఐవీకి వాడే రిటొనావిర్ లాంటివి కాలేయంలోని ఆ ఎంజైమును అణచి, డెక్సామెథసోన్‌ను రక్తంలో ఎక్కువగా నిలిపి, ఉన్న జబ్బును దాచవచ్చు. కీళ్లనొప్పులకు ఊళ్లలో ఇచ్చే పేరులేని పొడుల్లోనూ, ఇంజెక్షన్లలోనూ స్టెరాయిడ్ ఉండవచ్చు. కార్టిసాల్ ముందునుంచే అడుగంటి ఉంటే వాటి సంగతి కూడా అడుగు. ‘ఏం మందులు వాడుతున్నావు?’ అంటే ‘ఏమీ లేవండీ’ అంటారు. సంచి తెచ్చి బల్ల మీద గుమ్మరించమను.

ఇంత చదివిన పిల్లకు ఇవన్నీ రాస్తున్నానని విసుక్కోకు తల్లీ. ఓపిక నీకు చిన్నప్పటినుంచీ లేదు, అదే నా బెంగ. పరీక్ష కోరే కాగితం నమూనా అచ్చుకు ఇచ్చేముందు నాకు పంపు, మందుల గడి ఎంత పెద్దదిగా ఉండాలో నేను ఎర్రసిరాతో గీసి పంపుతాను.

మీ పెదనాన్న