దూకాడా, పడ్డాడా, తోశారా?

సందేహం: కొత్తపేట నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు. "మా పక్క ఊరి కాలువలో ఒకతని శవం గుర్రపుడెక్కలో చిక్కుకుని కనిపించింది. మర్నాడు ఒక పేపర్లో 'కాలువలో దూకి బలవన్మరణం' అని, ఇంకో పేపర్లో 'అనుమానాస్పద మృతి' అని, మూడో దాంట్లో 'హత్యేనంటున్న తల్లి' అని వచ్చింది. బలవన్మరణం అంటే ఆత్మహత్యేనా? 'ఆత్మహత్య చేసుకున్నాడు' అన్నప్పుడు 'ఆత్మ' ఉండగా మళ్ళీ 'కొను' ఎందుకు, పునరుక్తి కాదా? సంగతి తేలకముందు ఏ మాట రాస్తే తప్పు లేకుండా ఉంటుంది?"

సమాధానం: ముందు తేలికైనది చూద్దాం. పునరుక్తి కాదు. 'ఆత్మహత్య' సంస్కృత సమాసం, పని పేరు చెబుతుంది. 'కొను' తెలుగు క్రియకు చేరే ధాతువు, ఆ పని ఫలితం చేసినవాడికే తగిలిందని చెబుతుంది. పెళ్ళి చేశాడంటే కూతురికో చెల్లెలికో అనుకుంటాం, చేసుకున్నాడంటే తనకే. 'ఆత్మహత్య చేశాడు' అని ఎవరైనా రాస్తే అర్థమైతే అవుతుంది గానీ తెలుగు మాటలా ఉండదు.

అసలు చిక్కు ఈ 'కొను'తోనే వస్తుంది. ఫలితం తనకే తగిలిందంటుందే తప్ప, కావాలని చేశాడో పొరపాటున జరిగిందో చెప్పదు. వంకాయలు తరుగుతూ 'చెయ్యి కోసుకుంది' అంటాం. అదే మాట మణికట్టు గాయానికి వాడితే వినేవాళ్ళు వెంటనే ఇంకోలా అనుకుంటారు. శవపరీక్ష చేసే డాక్టరు అలా మాట పట్టుకుని పోడు. పెద్ద గాయం పక్కన తటపటాయిస్తూ గీసినట్టు పైపై గాట్లు సమాంతరంగా ఉన్నాయా, లేక అరచేతుల మీద, ముంజేతుల మీద కత్తిని అడ్డుకున్నప్పుడు పడే గాయాలున్నాయా అని చూస్తాడు. మొదటివి ఉంటే ఆత్మహత్య వైపు, రెండోవి ఉంటే హత్య వైపు మొగ్గు. మొగ్గు మాత్రమే.

నిప్పు విషయంలో మన క్రియలు ఎంత సూక్ష్మంగా పనిచేస్తాయో చూడండి. 'ఒంటికి నిప్పంటుకుంది', 'నిప్పంటించుకుంది', 'నిప్పంటించారు'. మొదటిదాంట్లో 'కొను' ఒక్కటే ఉంది, ప్రమాదం. మూడోదాంట్లో 'ఇంచు' ఒక్కటే ఉంది, హత్య. రెండూ కలిస్తే ఆత్మహత్య. వంటింట్లో కోడలు కాలిపోయిన కేసు రాసే విలేఖరి ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదనుకుంటాడు. ఎంచుకున్న క్షణంలోనే తీర్పు చెప్పేసినట్టు. డాక్టరు చూసేది వేరు. శ్వాసనాళంలో మసి ఉందా, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ చేరిందా అని చూస్తాడు. ఉంటే మంటలు లేచేటప్పటికి ఆమె ఊపిరి పీలుస్తోందన్నమాట. చేతులు ముడుచుకుని కుస్తీకి దిగినట్టు శవం కనిపిస్తే 'పెనుగులాడిందండీ పాపం' అంటారు చుట్టుపక్కలవాళ్ళు. కానీ వేడికి కండరాలు బిగుసుకుపోవడం వల్ల చనిపోయాక కాల్చిన శవమూ అలాగే ముడుచుకుంటుంది. అందుకని 'కాలిన గాయాలతో మృతి' అనడమే నయం. దాన్ని చప్పటి మాట అని మన డెస్కులవాళ్ళు కొట్టేస్తుంటారు, అది నాకు నచ్చదు.

ఇక మీ కాలువ దగ్గరికి వద్దాం. గోదారి జిల్లాల్లో నీటికి సంబంధించిన క్రియలకు కొదవ లేదు. గోదాట్లో పడ్డాడు, దూకాడు, మునిగాడు, కొట్టుకుపోయాడు, తోసేశారు. వీటిలో 'మునిగాడు' ఒక్కదానికే శరీరంలో గుర్తులు దొరుకుతాయి. ముక్కు దగ్గర తెల్లటి సన్నని నురగ, ఉబ్బిన ఊపిరితిత్తులు, పిడికిట్లో బిగించి పట్టుకున్న గడ్డో నాచో బురదో, ఇవి ప్రాణంతో నీళ్ళలో పడ్డాడని చెప్పే గుర్తులు. డయాటమ్ అనే సూక్ష్మమైన నాచు ఎముక మూలుగ దాకా చేరిందేమో కూడా ల్యాబులో చూస్తారు. గుండె కొట్టుకుంటుంటేనే రక్తంతో పాటు అది అంత లోపలికి పోతుందని ఆ పరీక్షకు ఆధారం. ఆ పరీక్ష మీద నిపుణుల్లోనూ వాదాలున్నాయి. ఇవన్నీ కలిసొచ్చినా తేలేది నీట మునిగి చనిపోయాడనే. గట్టు మీద నుంచి తానే దూకాడో, కాలు జారిందో, వెనక నుంచి ఎవరైనా తోశారో ఊపిరితిత్తులు చెప్పవు. ఆ సంగతి గట్టు మీది అడుగుల గుర్తులు, చెప్పులు, ఫోను, ఆఖరుసారి ఎవరితో కనిపించాడు అనే వివరాలు చెప్పాలి.

పైగా మన డెల్టాలో శవం దొరికిన చోటు, నీళ్ళలో పడిన చోటు ఒకటే కానక్కర్లేదు. పైన లాకుల దగ్గర పడ్డవాడు ఎక్కడో కింద గుర్రపుడెక్కలో తేలతాడు. దారిలో వంతెన స్తంభాలకు కొట్టుకుని, చేపలూ పీతలూ కొరికి గాయాలవుతాయి. అవి చావుకు ముందువో తర్వాతవో పరీక్ష చేసినవాళ్ళే చెప్పగలరు. కాబట్టి 'ఫలానా వంతెన మీంచి దూకి' అని రాసిన విలేఖరి, మనిషి ఉద్దేశమూ స్థలమూ రెండూ తానే తేల్చేశాడు.

ఉరి సంగతీ అంతే. 'ఉరి వేసుకున్నాడు', మన వైపు 'ఉరి పోసుకున్నాడు' అంటాం. వేలాడితే తాడు గుర్తు సాధారణంగా మెడ పైభాగాన ఏటవాలుగా చెవి వైపు లేచి, ముడి దగ్గర తెగుతుంది. ఇంకొకరు తాడు బిగిస్తే చాలావరకు కాస్త కిందుగా, అడ్డంగా, మెడ చుట్టూ పూర్తిగా పడుతుంది. చంపి వేలాడదీసిన కేసులూ ఉంటాయి గనక, పరీక్ష కాకముందు 'వేలాడుతూ కనిపించాడు' అనండి. చూసింది చూసినట్టు ఉంటుంది. 'మందు తాగి చనిపోయాడు' మాత్రం అసలు రాయకండి. మనకు మాత్రా మందే, సారా మందే, పురుగుల మందూ మందే! లోపలి అవయవాల ముక్కల్ని ల్యాబుకు పంపితే ఏ విషమో చెబుతారు, ఎవరు కలిపారో చెప్పలేరు.

బలవన్మరణం మాటకు వస్తే, బలవత్ + మరణం. జగత్ + నాథుడు జగన్నాథుడైనట్టే ఇక్కడా త్ కాస్తా న్ అయింది. బలంతో కూడిన చావు అని అర్థం, ఆ బలం ఎవరిదో సమాసంలో లేదు. వ్యుత్పత్తి చూస్తే హత్యకూ సరిపోతుంది. కానీ పత్రికలు దాన్ని ఆత్మహత్యకే వాడి వాడి స్థిరపరిచాయి, ఇప్పుడు చదివేవాళ్ళకు ఇంకో అర్థం తోచదు. కాబట్టి సంగతి తేలకముందు అదీ వద్దు.

'అనుమానాస్పద మృతి' సరైన మాట. అనుమానం అంటే మనకు శంక. తర్కశాస్త్రంలో మాత్రం అది ఒక ప్రమాణం, పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం. శవపరీక్షలో జరిగేది ఆ రెండో అనుమానమే. చట్టం కూడా మొదట్లో ఇంతకు మించి అడగదు. ఇదివరకు నేర విచారణ స్మృతి అయిన సీఆర్‌పీసీ 174, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద, ఇద్దరికి తగ్గకుండా ఊరి పెద్దమనుషుల ముందు శవ పంచనామా చేసి, 'పైకి కనిపిస్తున్న' మరణ కారణం రాయాలి. ఎవరు చంపారన్నది పంచనామా పని కాదని 1975లో మన ఆంధ్ర కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. పోస్టుమార్టం రిపోర్టు వచ్చాక పోలీసులు 'సెక్షన్ మార్చారు' అని వార్త వస్తుంది చూడండి, హత్య అన్న మాట పోలీసు కాగితం మీదికి చాలాసార్లు వచ్చేది అప్పుడు.

మూడో పేపరు పొరపాటు ఇంకో రకం. ఆ తల్లి ఏమందో నేను వినలేదు గానీ, మన వైపు తల్లులు అనే మాట తెలుసు: "నా కొడుకుని పొట్టన పెట్టుకున్నారండీ". ఇది చంపినవాళ్ళనూ అనవచ్చు, వేధించి చచ్చేదాకా తెచ్చినవాళ్ళనూ అనవచ్చు. చట్టంలో ఆ రెండూ వేరు. హత్యకు కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్ 103, ఆత్మహత్యకు పురిగొల్పితే 108. ఏడుస్తూ అన్న మాటను 'హత్య' అని తర్జుమా చేయకుండా కొటేషన్లో ఉన్నదున్నట్టు వేస్తే సరిపోయేది. 'వరకట్న హత్య' కూడా ఇలాంటిదే. చట్టం పేరు 'వరకట్న మరణం'. పెళ్ళయిన ఏడేళ్ళలోపు, కట్నం వేధింపుల తర్వాత, అసహజంగా జరిగిన చావు ఆత్మహత్యయినా అందులోకి వస్తుంది.

ఆత్మహత్య ఎలా జరిగిందో విడమరిచి రాయవద్దని, హెడ్డింగుల్లో సంచలనం వద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లో చెప్పిన సూచనలు కూడా 'దూకి' అన్న మాటకు అడ్డమే. ఇలాంటి వార్త కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 వేస్తే చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుంది.

మీరు అడగని ఒకటి రెండు. సంగతి తేలేదాకా 'మృతుడు' అనాలి, 'హతుడు' అంటే చంపబడ్డవాడని. 'ఆత్మహత్యాయత్నం'లో దీర్ఘం ఉండాలి. 'ఆత్మహత్యయత్నం' అని మీ ఉత్తరంలో లేదు గానీ, మీరు పంపిన మూడు కటింగుల్లో రెండింటిలో ఉంది.