జైలు గేటు దగ్గర ఆగిపోయిన తెలుగు బైబిలు

ప్రశ్న: మా తమ్ముడు ఎనిమిది నెలలుగా ఒడిశాలోని ఒక జైలులో విచారణ ఖైదీగా ఉన్నాడు. మా నాన్నగారి తెలుగు బైబిలును ములాఖత్‌కు తీసుకువెళితే, అందులో ఏముందో చదివి చూసేవారు ఇక్కడ లేరంటూ గేటు దగ్గరే తిప్పి ఇచ్చేశారు. ఒడియా బైబిలు తెమ్మన్నారు. వాడికి ఒడియా మాట్లాడటమే గాని చదవటం రాదు. అమెరికాలో ఒక ఖైదీ గడ్డం కోసం దావా వేసి గెలిచాడట. మేమూ సివిల్ దావా వేయవచ్చునా?
– ఒక సోదరి, పర్లాకిమిడి ప్రాంతం

జవాబు: వేయవచ్చునమ్మా. కాని మీకు కావలసినది పుస్తకం లోపలికి చేరటం గనుక దావాతో మొదలుపెట్టవద్దు. ప్రభుత్వంపై దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం ముందుగా నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. అత్యవసరమని కోర్టు అనుమతిస్తే ఆగనక్కరలేదు గాని, ఆ తరువాతి వాయిదాలు ఎలాగూ తప్పవు.

హక్కు విషయంలో మాత్రం సందేహం పెట్టుకోకండి. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి రాజ్యాంగంలోని 25వ అధికరణం ఇచ్చే మత స్వేచ్ఛ ప్రతి వ్యక్తికీ ఉంది. శిక్ష పడినంత మాత్రాన ఖైదీ ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడని, విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీలు వేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులో 1974లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ తమ్ముడికి ఇంకా శిక్షే పడలేదు. మహారాష్ట్రలో నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ పాండురంగ్ సంజ్‌గిరి మరాఠీలో రాసిన విజ్ఞానశాస్త్ర పుస్తకాన్ని అచ్చుకు బయటికి పంపనివ్వకపోతే, నిర్బంధ నిబంధనల్లో లేని ఆంక్షను అధికారులు తెచ్చిపెట్టలేరని 1965లో అదే కోర్టు తీర్పిచ్చింది. మీ సంగతికి నాకు అన్నిటికన్నా దగ్గరగా కనిపించేది ఈ తీర్పే.

మీరు విన్న కేసు ఆర్కన్సా రాష్ట్రానిది. అర అంగుళం గడ్డం పెంచుకోవటానికి ఒక ముస్లిం ఖైదీకి 2015లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అనుమతిచ్చింది. అక్కడ ఖైదీల మతాచరణ కోసం 2000లో ప్రత్యేక చట్టం చేశారు. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడనక్కరలేదు. అయినా గడ్డంలో ఏదైనా దాస్తాడని భయమైతే వెతికి చూడండి, నిషేధించకండి అన్న అందులోని తర్కం మీకూ పనికివస్తుంది. పుస్తకాన్ని తనిఖీ చేయటం జైలువారి బాధ్యతే. మందపు అట్ట ఉన్న నాన్నగారి ప్రతికి బదులు పలుచని అట్ట ఉన్న కొత్త ప్రతి ఇవ్వటానికి మీరూ సిద్ధపడండి. కాని వీధికి పదిమంది తెలుగు చదివేవారున్న జిల్లాలో చదివేవారు దొరకలేదనటం సమంజసం కాదు.

ముందు మీ తమ్ముడి చేత సూపరింటెండెంటుకు ఒడియాలో గాని ఇంగ్లీషులో గాని దరఖాస్తు పెట్టించి, నకలుపై తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ వకీలు ద్వారా విచారణ కోర్టును ఆదేశం కోరవచ్చు, అక్కడా కాకపోతే కటక్‌లోని హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్, అంటే హక్కు కాపాడమని నేరుగా హైకోర్టును కోరే పిటిషన్, వేయవచ్చు. నష్టపరిహారం వేరే సంగతి. ఒడిశాకే చెందిన నీలాబతి బెహెరా ఉత్తరాన్నే రిట్‌గా స్వీకరించి, 1993లో సుప్రీంకోర్టు 1,50,000 రూపాయలు ఇప్పించింది గాని, అది కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న తల్లి కేసు. పుస్తకం ఆపినందుకు డబ్బు వస్తుందని నేను మీకు ఆశ పెట్టలేను.