9వ తరగతి కొడుకు ఖర్రా తింటున్నాడు, బడి ఎగ్గొడుతున్నాడు: మా ఇంట్ల జరిగింది చెప్తా

అన్నా, కొడుకు ఖర్రాకు (వక్క, పొగాకు కలిపి నమిలేది) అలవాటు పడి బడికి పోతలేడు, హాస్టల్ల వేస్తే మానుతడా అని అడిగిన్రు. మాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా సిరొంచ. మూడేండ్ల కింద నేను గూడ హాస్టలే అనుకున్న, పెట్టె సర్దిన.

మావాడు పొద్దున హాజరు వేయించుకొని ఇంటర్వెల్‌ల గోడ దుంకేటోడు. మరాఠీ మీడియం కష్టమైతుందేమో అనుకున్నం. వాళ్ల సారు చెప్పిండు: రెండో పీరియడ్ దాటితే కాళ్లు ఆడిస్తడు, చిరాకు, లెక్క తలకెక్కదు అని. నోట్ల పెట్టుకుంటే ఉమ్మాలె, క్లాసుల ఎక్కడ ఉమ్ముతడు?

ఎక్కడ నేర్చిండంటే మా ఇంట్లనే. ఐదో తరగతి నుంచి వాళ్ల నాయినకు పొట్లం తెచ్చేది వీడే. వక్క, పొగాకు, సున్నం కలిపి రుద్దుతుంటే నిలబడి చూసేటోడు. 18 ఏండ్లు నిండని పిల్లలకు పొగాకు అమ్మొద్దని 2003 నుంచి చట్టం ఉంది. షాపాయనను అడిగితే "మీ ఇంటికే గద అక్కా" అన్నడు. ఏమంట? మా జిల్లాల 1993 నుంచి మందు బంద్, పోరడు తాగుతలేడు గద అని సంబురపడ్డోళ్లం మేము.

వాళ్ల నాయిన వాన్ని కొట్టిండు గూడ. నోట్ల ఖర్రా పెట్టుకొనే కొట్టిండు.

పండ్ల డాక్టరు దగ్గర మలుపు తిరిగింది. నోట్ల మూడు వేళ్లు నిలువుగ పట్టాలన్నడు. పోరనికి పట్టినయి, ఆయనకు రెండే పట్టినయి. వక్కతోని చెంపల లోపల గట్టిపడి నోరు తెరుచుకోదట, క్యాన్సర్ దాకా పోవచ్చట. ఇద్దరూ ఒక్కరోజే బంద్ పెట్టిన్రు. మొదటి మూడు రోజులు ఇల్లు ఇల్లు కాదు, ఇద్దరికీ కోపమే. సోంపు, పుట్నాలు జేబుల పెట్టి పంపిన. 1800-11-2356 కు ఫోన్ చేస్తే పైసలు పడవు, మానేటట్టు మాట్లాడి చెప్తరు. ఆ నంబరు పొగాకు ప్యాకెట్ల మీదనే ఉంటది, కానీ ఖర్రా పొట్లం మీద ఏ రాత ఉండదాయె.

సారు ముందు బెంచీల కూసోబెట్టిండు, నీళ్లకని నడుమ నడుమ బయటికి పంపిండు. నెల తిరిగేసరికి పొద్దంతా బడిల ఉండుడు మొదలైంది. మార్కులు మాత్రం తొందరగ రాలే, పోయిన పాఠాలు పోయినయే. ఒక పెండ్లిల మళ్లీ తిన్నడు. కొట్టలే, మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కవెట్టినం.

హాస్టల్ సంగతి తర్వాత మాట్లాడుదాం అన్నా. మీరు తింటరా? అది రాయలే మీరు.