మీ ప్రశ్నకు మాస్టారి జవాబు: రింగో స్టార్‌కి రావాల్సిన పేరు వచ్చిందా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతూ కాలేజీ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తాడు. ఇంట్లో పొద్దస్తమానం 1960ల నాటి ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ పాటలే. మొన్న ప్రాక్టీసుకి వచ్చిన వాళ్ల కీబోర్డ్ కుర్రాడు, ‘రింగో స్టార్‌ది అంతా లక్కు. బీటిల్స్ నలుగురిలోనే అతను బెస్ట్ డ్రమ్మర్ కాదని స్వయంగా ఆ బ్యాండ్ గాయకుడు జాన్ లెననే అన్నాడు’ అన్నాడు. మావాడికి ఏం చెప్పాలో తోచలేదు. అప్పట్నుంచి ముభావంగా ఉన్నాడు. నాకు డ్రమ్స్ గురించి తెలియదు గానీ, ఆ పాటలు వింటే మాత్రం హాయిగా ఉంటుంది. నిజంగా రింగో అంత సామాన్యుడా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ లెనన్ మాట సంగతి తేల్చేద్దాం. ఆ మాట లెనన్ అనలేదు. ఆయన 1980 డిసెంబరులో హత్యకు గురయ్యాడు. ఈ జోకు ఆ తర్వాత బ్రిటన్ కామెడీ కార్యక్రమాల్లో పుట్టింది. బీటిల్స్ చరిత్రని ఏళ్ల తరబడి తవ్వి తీసిన మార్క్ లూయిసన్ దీని మూలం వెతికి పట్టుకున్నాడు. పోయినవాడు వచ్చి కాదనలేడు కాబట్టి ఆ మాట అలా చలామణీ అయిపోతోంది. అసలు లెనన్ అభిప్రాయం తెలుసుకోవాలంటే ఒక్క విషయం చాలు. 1970లో బ్యాండ్ విడిపోయాక తన సొంత ఆల్బమ్‌కి డ్రమ్స్ వాయించమని ఆయన పిలుచుకున్నది రింగోనే. అదే ఏడాది బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ కూడా తన ఆల్బమ్‌కి రింగోని పిలిచాడు. ప్రపంచంలో ఏ డ్రమ్మర్‌నైనా పిలిపించుకోగల స్తోమత వాళ్లది. వాయించడం రానివాణ్ని ఎందుకు పిలుస్తారు?

లక్కు అన్న మాటా నేను ఒప్పుకోను. 1962 ఆగస్టులో బీటిల్స్ వాళ్లు అప్పటి తమ డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ని తీసేసి రింగోని తెచ్చుకున్నారు. అప్పటికే లివర్‌పూల్‌లో పేరున్న మరో బృందంలో ఆయన డ్రమ్మర్. వచ్చిన మరుసటి నెల రికార్డింగులో నిర్మాత జార్జ్ మార్టిన్ బయటి నుంచి ఆండీ వైట్ అనే డ్రమ్మర్‌ని రప్పించి, రింగో చేతికి టాంబురిన్ (గజ్జెల్లాంటి బిళ్లలున్న చేతివాద్యం) ఇచ్చాడు. కొత్తగా చేరినవాడికి ఆ రోజు ఎంత టెన్షన్ పట్టుకుని ఉంటుందో ఊహించండి. ‘లవ్ మీ డూ’ పాట ఆల్బమ్‌లో వినండి, ఆ టాంబురిన్ వినిపిస్తుంది. అదే రింగో. ఆ తర్వాత రికార్డింగులో ఆ కుర్చీ కోసం మార్టిన్ బయటివాళ్ల వైపు చూడలేదు.

ఇప్పుడు మీవాడికి పనికొచ్చే విషయానికి వస్తాను. రింగోది పుట్టుకతో ఎడమచేతివాటం. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ, ఎడమచేత్తో రాయడం మంచిది కాదని కుడిచేతికి మార్పించిందట. మన ఇళ్లలో నాయనమ్మలకీ ఈ పట్టింపు ఉంది కదా. అయితే రాత మారింది గానీ వాటం మారలేదు. దొరికిన డ్రమ్ సెట్టు కుడిచేతివాళ్లకి అమర్చింది. ఆయన దాన్ని తిప్పి పెట్టుకోకుండా అలాగే కూర్చున్నాడు.

డ్రమ్మర్‌కి ఎడమపక్క హై-హ్యాట్ అనే జంట తాళాలు, మోకాళ్ల మధ్య స్నేర్ అనే డ్రమ్, ఎదురుగా చిన్న టామ్ డ్రమ్, కుడిపక్క నేలమీద పెద్ద ఫ్లోర్ టామ్ ఉంటాయి. కుడిచేతివాటం వాళ్లు చరణం చివర ఫిల్ (ఖాళీని నింపే చిన్న వాయింపు) వేసేటప్పుడు స్నేర్ నుంచి చిన్న టామ్‌కి, అక్కణ్ణుంచి ఫ్లోర్ టామ్‌కి మెట్లు దిగినట్టు దిగుతారు. కుడిచెయ్యి ముందు నడుస్తుంది, ఎడమది వెనక వస్తుంది. ఎడమచెయ్యి ముందు నడిచేవాడు అదే దారిలో వెళితే చేతులు ఒకదానికొకటి అడ్డం పడతాయి. మా క్లాసులో ఒక ఎడమచేతివాటం పిల్ల ఉంది. మొదట్లో ఫ్లోర్ టామ్ దాకా వెళ్లేసరికి ఆమె కర్రలు రెండూ కొట్టుకునేవి. రింగో ఏం చేశాడంటే, కొన్నిచోట్ల ఒక క్షణం ఆగి ఆలస్యంగా ఎత్తుకున్నాడు. కొన్నిచోట్ల దిగువ నుంచి పైకి వచ్చాడు. అందరూ దెబ్బ పడుతుందనుకున్న చోట ఖాళీ వదిలాడు. కుడిచేతివాళ్లు ఆయన ఫిల్స్‌ని నోట్ చేసుకుని అచ్చంగా వాయించినా ఆ తూగు రావడం కష్టం.

మృదంగం తెలిసినవాళ్లకి ఇక్కడ పళని సుబ్రహ్మణ్య పిళ్ళై గారు గుర్తొస్తారు. ఆయనదీ ఎడమచేతివాటమే. కానీ ఆయన మృదంగాన్ని తన వాటానికి తిప్పుకున్నారు. దాంతో వేదిక మీద పక్కవాద్యాలు కూర్చునే చోటు మారేది. అది నచ్చక ఆయన్ని పెట్టుకోవడానికి వెనకాడిన గాయకులూ ఉన్నారు. అంత విద్వాంసుడికే అలా జరిగింది. రింగో మాత్రం వాద్యాన్ని తిప్పకుండా, ఆ ఇరుకులోంచే తన బాణీ తయారు చేసుకున్నాడు. నా దృష్టిలో దాన్ని లక్కు అనడం అన్యాయం.

‘కమ్ టుగెదర్’ పాట పెట్టండమ్మా. 1969లో వచ్చిన ‘అబీ రోడ్’ ఆల్బమ్‌లో మొదటి పాట. హై-హ్యాట్ మీద మూడేసి దెబ్బలు, ఆ వెంటనే టామ్‌ల మీదుగా దొర్లుకుంటూ కిందికి వెళతాడు. మోగి సాగిపోకుండా టామ్‌ల మీద వంటింటి తువ్వాళ్లు కప్పాడు. అందుకే ప్రతి దెబ్బా దబ్‌మని పడి అక్కడే ఆగిపోతుంది. ఈ పాట నేర్పేటప్పుడు పిల్లల్ని ముందు మామూలు బీటుతో వాయించమంటాను. పాట నడుస్తుంది, కానీ అది ‘కమ్ టుగెదర్’ కాదు. తర్వాత రింగో వాయించినట్టు వాయించమంటాను. పాడేవాళ్లు నోరు తెరవకముందే పాట గుర్తుపట్టేస్తారు. అలాగే 1967లో వచ్చిన ‘ఎ డే ఇన్ ద లైఫ్’. లెనన్ ఒక లైను పాడి ఊపిరి తీసుకునే సందులో టామ్‌ల మీద బరువైన దెబ్బలు పడతాయి. ఒకసారి వేసింది ఇంకోసారి వేయడు. మాట విని జవాబు చెబుతున్నాడు ఆయన.

అందుకే నేను అడిగేది ఇది. ఆ దెబ్బలు పాటలో భాగం అయినప్పుడు, వాటిని కట్టినవాడు పాట కట్టినవాళ్లలో ఒకడు కాడా? రికార్డు మీద మాత్రం ఎక్కువ పాటలకి లెనన్–మెకార్ట్నీ (బ్యాండ్‌లోని పాల్ మెకార్ట్నీ) అనే ఉంటుంది. బీటిల్స్ పాటల్లో రింగో ఒక్కడి పేరుతో ఉన్నవి రెండే, ‘డోంట్ పాస్ మీ బై’, ‘ఆక్టోపసెస్ గార్డెన్’. పాట హక్కుల చట్టానికి సాధారణంగా వరస, మాటలు కావాలి. లయ చాలావరకు లెక్కలోకి రాదు. మన దగ్గరా అంతే కదా. క్యాసెట్ల రోజుల్లో అట్ట మీద గాయకులు, రచయిత, సంగీత దర్శకుడి పేర్లు వేసేవాళ్లు. డోలక్ వాయించినవాళ్లు కాల్‌షీట్ డబ్బు తీసుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. మన పెళ్లిళ్లలో ఇప్పటికీ ఆ డోలక్ దెబ్బకే కాళ్లు కదులుతాయి.

అన్నీ ఆయన సొంత ఆలోచనలేనని చెప్పను. ‘టికెట్ టు రైడ్’లో ఆ తడబడే నడక మెకార్ట్నీ సూచించింది. వేగంలో, సోలో వాయించడంలో జింజర్ బేకర్, బడ్డీ రిచ్ లాంటి డ్రమ్మర్ల ముందు రింగో నిలవడు. సోలో అంటేనే ఆయనకి పడదు. ‘ది ఎండ్’ పాటలో మిగతా ముగ్గురూ బతిమాలితే వాయించాడు. అదీ పదిహేను సెకన్లకి అటూ ఇటూ అంతే. మన కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం అనే మర్యాద ఉంది. అయినా మీ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనే, తని మొదలవగానే కాఫీకి లేచి వెళ్లేవాళ్లని చూసి నాకు కడుపు మండేది. సోలో వాయించినవాడికే ఆ గతి అయితే, పాట మొత్తం మోసి పక్కకి తప్పుకున్నవాణ్ని ఎవరు గమనిస్తారు?

ఆ బాధ రింగోకీ తగిలింది. 1968 ఆగస్టులో, తను సరిగ్గా వాయించడం లేదనీ మిగతా ముగ్గురికీ తను బయటివాడనీ అనిపించి బ్యాండ్ వదిలి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లోనే రికార్డు చేసిన ‘బ్యాక్ ఇన్ ద యూఎస్ఎస్ఆర్’లో మెకార్ట్నీ డ్రమ్స్ వాయించాడు. దాదాపు రెండు వారాల తర్వాత తిరిగి వస్తే, స్టూడియోలో ఆయన డ్రమ్స్ నిండా పూలు పరిచి ఉన్నాయి. లోకం మాత్రం ఇంకా ఆలస్యం చేసింది. బీటిల్స్ నలుగురినీ కలిపి, రాక్ సంగీతకారుల్ని గౌరవించే అమెరికా సంస్థ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 1988లో తీసుకున్నారు. విడివిడిగా తీసుకున్నప్పుడు లెనన్‌కి 1994లో, మెకార్ట్నీకి 1999లో, హారిసన్‌కి 2004లో చోటు దక్కింది. రింగో వంతు 2015లో వచ్చింది.

మీవాణ్ని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 1966 నాటి ‘రెయిన్’ వినమనండి. తన వాయింపులో అదే ఉత్తమమని రింగో స్వయంగా చెప్పుకున్న పాట. వాద్యాలని వేగంగా వాయించి, టేపుని నెమ్మదించి తయారు చేశారు. అందుకే డ్రమ్స్ అంత బరువుగా వినిపిస్తాయి. కీబోర్డ్ కుర్రాణ్ని కూడా పక్కన కూర్చోబెట్టి, ‘బ్యాక్ ఇన్ ద యూఎస్ఎస్ఆర్’ ఒకసారి, ‘రెయిన్’ ఒకసారి వినిపించండి. నలుగురిలో మంచి డ్రమ్మర్ ఎవరో ఆ అబ్బాయినే చెప్పమనండి.