నీ తాతమ్మ కొండకు వెళ్లేముందు

పర్లాకిమిడి,
శుక్రవారం

చిరంజీవి చిట్టిని చిన్నమ్మమ్మ దీవించి రాసేది,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు ఉద్యోగానికి మూడు నెలలు సెలవు పెట్టి ఒడిశాలో సవర గిరిజనులుండే పుట్టాసింగి వైపు కొండల్లో ఉంటావట, సవర భాష నేర్చుకుంటావట. మా అమ్మ పోయాక మన ఇంట్లో ఆ మాట ఎత్తిన మొదటి మనిషివి నువ్వే. సంతోషం పట్టలేక కాసేపు, భయంతో మిగతా రాత్రంతా మేలుకునే ఉన్నాను.

"నాలో ఉన్న సవర రక్తం ఎనిమిదో వంతే కదా, నాకా హక్కుందా?" అని మీ అమ్మను అడిగావట. ఈ వంతుల లెక్క నీకెవరు నేర్పారు? మా అమ్మ నీకు తాతమ్మ. ఎనిమిదో వంతు తాతమ్మ కాదు, నిండు తాతమ్మ. ఆమె గురించి తెలుసుకోవడానికి నువ్వెవరి అనుమతీ అడగనక్కర్లేదు. అయితే ఆమె ఊరివాళ్లు నిన్ను చూడగానే తమ పిల్లవని అక్కున చేర్చుకోవాలని మాత్రం అనుకోకు. అది వాళ్లు తీరిగ్గా తేల్చుకుంటారు. తేల్చకపోయినా అలగకూడదు.

ప్రయాణం సంగతి నీకు చెప్పాల్సినంత లేదు. నౌపడ మీదుగా గుణుపురానికి రైలుంది. నేనెక్కిన చిన్న రైలు 2004లోనే ఆగిపోయింది, ఇప్పుడు పెద్ద పట్టాలు. దోమతెర మరిచిపోవద్దు, ఆ కొండల్లో మలేరియా ఉంది. వానల్లో వెళ్లకు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, కోపం వచ్చినా సరే. ఎస్టీ సర్టిఫికెట్ జోలికి పోవద్దు. ఎవరో ఒకరు నీకా ఆశ పెడతారు. తల్లిదండ్రులు వేర్వేరు కులాల వాళ్లయితే బిడ్డ ఎలా పెరిగిందో, ఎన్ని అవమానాలు పడిందో చూడాలని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. నువ్వు విశాఖలో కాన్వెంటులో చదివావు. కొండ దిగి సంతకొచ్చి, తన చింతపండుకు షావుకారు కట్టిన ధర తప్పని తెలిసీ నోరెత్తలేక నిలబడింది మీ తాతమ్మ. ఆ షావుకారు దగ్గర గుమాస్తాయే మా నాన్న. ఆమె పడ్డదాన్ని మనం కాగితం మీద వాడుకోకూడదమ్మా.

ఇక ఫోను. కొండెక్కాక దాన్ని సంచిలోనే ఉంచు. ఎందుకో చెప్పాలంటే నేను ఇంతవరకు మీ అమ్మమ్మకు కూడా చెప్పని సంగతి చెప్పాలి.

అమ్మ పోయిన రెండేళ్లకు, 1978లో, మా మేనమామ కబురు పంపాడు. చనిపోయినవాళ్లు పూజారిణి నోట మాట్లాడతారని, బతికున్నవాళ్లు బదులు పలుకుతారని సవరల నమ్మకం. అమ్మ వస్తుంది, నువ్వు ఉండాలి అన్నాడు. అప్పటికి నేను టీచరును. కొత్తగా టేప్ రికార్డరు కొనుక్కున్నాను. అమ్మ మాటలు పట్టి దాచుకుంటానని ఎంతో గొప్పగా అనుకుని, దాన్ని గుడ్డలో చుట్టుకుని నడిచి వెళ్లాను.

ఇల్లంతా చీకటి. గోడమీద ఎర్రమట్టి పూతపై తెల్లటి ఇడితాల్ బొమ్మ. పూజారిణి కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒకరి తరవాత ఒకరు వచ్చారు, ఆమె నోటితోనే జీలుగు కల్లు తాగారు, పోట్లాడారు, ఏడ్చారు. ఇంట్లోవాళ్లు అడ్డం తగులుతూ బదులు చెబుతున్నారు. సంతలో బంధువులు కలిసినట్టే ఉంది, భయమన్నది లేదు. ఉన్నట్టుండి అందరూ నా వైపు తిరిగారు. మేనమామ భార్య ఒడియాలో నా చెవిలో చెప్పింది: "మీ అమ్మ వచ్చింది. నువ్వేనా అని అడుగుతోంది. పలుకు."

నేను టేపు తిరుగుతోందా లేదా అని చూస్తున్నాను.

"నేనే అమ్మా" అనడానికి నాకు సవరలో మాట లేదు. తెలుగులో అనొచ్చు కదా, అదీ రాలేదు. పూజారిణి మళ్లీ అడిగింది, ఈసారి గట్టిగా. నా వేలు ఆ మీట మీదే ఉంది. చివరికి మా అత్త నా బదులు ఏదో చెప్పింది. అమ్మ వెళ్లిపోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున్నే అంబలి పోసి, కొండ దిగేదాకా తోడొచ్చారు.

అది దయ్యమా, మా అమ్మేనా అన్న వాదన నాతో పెట్టుకోకు. నన్ను పిలిచారు, నేను పలకలేదు.

ఆ మాట లేకపోవడానికి కారణమూ నేనే. పదేళ్లప్పుడు బడి స్నేహితురాళ్లు ఇంటికొస్తే అమ్మ నన్ను నీళ్లు తెమ్మని తన భాషలో అడిగింది. సవరలో నీళ్ల మాట పలికేటప్పుడు గొంతు చటుక్కున ఆగుతుంది, మన అక్షరాల్లో అది పడదు. వాళ్లు నవ్వారు. ఇంట్లో ఇంకెప్పుడూ ఆ కూతలు కూయొద్దన్నాను. ఆమె మళ్లీ కూయలేదు. ఇదే ఊళ్లో రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఒక సవర మనిషిని దగ్గర పెట్టుకుని ఆ భాష నేర్చారు, ఆ గొంతు ఆగడం ఎక్కడెక్కడ వస్తుందో చెవిన పట్టారు, 1931లో వ్యాకరణం అచ్చువేయించారు. పంతులుగారు అంత పాటుపడి సంపాదించింది నాకు వంటింట్లో ఊరికే దొరుకుతుంటే వద్దన్నాను.

అందుకే ముందు భాష. బొమ్మలు, పాటలు తరవాత. ఇడితాల్ నీ ఫ్లాటు గోడమీద వేయించుకుంటానన్నావట. అమ్మకానికి గుడ్డమీద గీసేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర మంచి ధరకు కొను. ఇంటి లోపలి గోడమీదిది ఎవరో చనిపోయినవాళ్ల కోసం, ఏదో దేవత కోసం వేసినది. అది బొమ్మ కాదు, వాళ్లకు కట్టిన ఇల్లు.

ఇంకో సంగతి. నువ్వు వెళ్లేసరికి ఆ పూజలు కనిపించకపోవచ్చు. మా మేనమామ మనవలు బాప్టిస్టులు. ఆదివారం సవరలోనే కీర్తనలు పాడతారు, ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చయిన సవర బైబిలు చదువుతారు. 1936లో మంగేయి గొమాంగో సవరకు ప్రత్యేకంగా లిపి చేశాడు, దాన్ని పూజించేవాళ్లూ ఉన్నారు. "మీ అసలు సంస్కృతి పోగొట్టుకున్నారే" అని ఎవరితోనైనా అన్నావో, నీతో మాట్లాడను. పోగొట్టినవాళ్లం కొండ కింద ఉన్నాం.

చలికి శాలువా పెట్టుకో. పెట్టింది తిను. నీ పేరు అడిగితే నీ పేరుతోపాటు తాతమ్మ పేరూ చెప్పు, ముసలివాళ్లు ఎవరైనా గుర్తుపట్టొచ్చు. నీ బుగ్గన సొట్ట ఆమెదే, నీకెవరూ చెప్పి ఉండరు.

ఆ క్యాసెట్టు నా ఇనప్పెట్టెలో ఉంది. ఈ నలభై ఏళ్లకు పైగా ఒక్కసారీ వినలేదు, ఎవరికీ వినిపించలేదు. నీకు వాళ్ల మాట కొంచెం పట్టుబడ్డాక రా. అత్త నా బదులు ఏం చెప్పిందో నాకు తెలియాలి. టేప్ రికార్డరు బాగుచేసే మనిషి పాతపట్నంలో ఒకాయన ఉన్నాడు, పెద్దవాడైపోయాడు. వచ్చేముందు వారం రోజులు ముందుగా చెబితే పట్టుకెళ్లి చూపిస్తాను.

నీ
చిన్నమ్మమ్మ