చెల్టెన్‌హామ్ వెళ్ళేలోపు పంతులుగారి విగ్రహం దగ్గర ఫొటోల సాధన చెయ్యి

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో సీటు వచ్చిందనీ, ఆ ఊళ్ళో ఉన్న ఎడ్వర్డ్ విల్సన్ గారి విగ్రహాన్ని ఫొటో తీసి పంపుతాననీ రాశావు. చాలా సంతోషం. సెప్టెంబరులో విమానం ఎక్కేలోపు ఒంగోలులోనే ఓ వారం చెయ్యి తిప్పుకో. కలెక్టరేట్ దగ్గర ప్రకాశం పంతులుగారి విగ్రహం ఉందిగా, సాధనకి అది చాలు. ఇద్దరూ 1872లో పుట్టినవాళ్ళే. విల్సన్ గారు జులై 23న ఆ చెల్టెన్‌హామ్‌లో, పంతులుగారు ఆగస్టు 23న మన వినోదరాయునిపాలెంలో. సరిగ్గా నెల తేడా.

కెమెరా తీసేముందు ఆ మనిషెవరో తెలుసుకో. విల్సన్ గారు డాక్టరు, పక్షుల బొమ్మలు వేసే చిత్రకారుడు. 1911లో, పగలన్నదే లేని దక్షిణ ధ్రువపు చలికాలంలో ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం అంటార్కిటికాలోని కేప్ క్రోజియర్ దాకా వెళ్ళి, మూడు గుడ్లు భద్రంగా తెచ్చిన ముగ్గురిలో ఒకరు. 1912 జనవరి 17న ఆ యాత్ర నాయకుడు కెప్టెన్ స్కాట్‌తో ధ్రువం చేరి, తిరుగుదారిలో మార్చి నెలలో గుడారంలోనే కన్నుమూశారు. విగ్రహం చేసింది ఎవరో కాదు, స్కాట్ భార్య కాథ్లీన్. భర్త పక్కన ప్రాణం విడిచిన స్నేహితుణ్ణి ఆవిడ కంచులో నిలబెట్టింది. 1914 జులైలో ప్రామెనేడ్ వీధిలో ఆవిష్కరించారు. అందుకని నీ ఫొటోలో ముందు ముఖం కనపడాలి. పీఠం, పూలమొక్కలు, వెనక మేడలు ఆ తర్వాతే.

ముఖాన్ని చూపించేది ఎండ ఒక్కటే. ఒంగోలులో ఆగస్టు రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు తీస్తే కనుబొమల నీడ పడి కళ్ళు రెండు నల్లటి గుంటలవుతాయి, ముక్కు నీడ మూతి మీదకి దిగి లేని మీసం వస్తుంది. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు, ఇవే మన వేళలు. వెలుగు ముఖానికి ఒక పక్కగా, కొంచెం పైనుంచి రావాలి. వెలుగు పడని చెంప మీద కంటి కింద చిన్న ముక్క వెలుగు మిగిలిందంటే సరైన సమయానికి వచ్చినట్టే.

అక్కడి లెక్క వేరు. చెల్టెన్‌హామ్ దాదాపు 52 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో మధ్యాహ్నం పన్నెండుకి కూడా సూర్యుడు సుమారు 15 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆగస్టులో మన దగ్గర ఉదయం ఏడింటికి ఉండే ఎత్తు అది. అంటే ఎండ కాసిన రోజున చలికాలమంతా నీకు మధ్యాహ్నమే మంచి వేళ. కానీ నీడలు బారెడు సాగుతాయి, ఎదురు మేడ నీడే విగ్రహాన్ని మింగేస్తుంది. పైగా నాలుగింటికల్లా పొద్దు గూకుతుంది. అక్టోబరు చివరి ఆదివారం దాకా అక్కడ గడియారం గంట ముందుకి తిప్పి ఉంటుంది కాబట్టి, సూర్యుడు నడిమికి వచ్చేది ఒంటిగంట ప్రాంతంలో. వెళ్ళిన మొదటి రోజే ఫోన్‌లో దిక్సూచి పెట్టి విగ్రహం ఎటు చూస్తోందో రాసుకో. తూర్పైతే పొద్దున, పడమరైతే సాయంత్రం. ఉత్తరమైతే చలికాలంలో ముఖం మీద ఎండే పడదు, మబ్బు రోజే నయం.

మబ్బు రోజులు అక్కడ ఎక్కువ. మబ్బు వెలుగులో కంచు చప్పగా ఉంటుంది. తెల్లటి ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకు, చెట్లో గోడో వెనక ఉండేలా జరుగు. తెల్ల థర్మోకోల్ అట్ట పట్టుకుని వెలుగు కొట్టిద్దామనుకోకు. అంత ఎత్తు పీఠం మీది ముఖానికి అది అందదు.

దూరం విషయంలో అందరూ తప్పుతారు. దగ్గరికెళ్ళి ఫోన్ పైకెత్తితే బూట్లు పెద్దవై తల నిమ్మకాయంత అవుతుంది, విగ్రహం వెనక్కి పడిపోతున్నట్టు ఉంటుంది. పీఠంతో కలిపి 15 అడుగులుందనుకో, 40 అడుగులు వెనక్కి నడువు. ఫోనైతే 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్సు, కెమెరా అయితే 85 నుంచి 135 మి.మీ. పంతులుగారి దగ్గర 10, 25, 40 అడుగుల నుంచి ఒక్కోటి తీసి మూడూ పక్కన పెట్టుకుని చూడు, నేను చెప్పక్కర్లేదు. వెనక కరెంటు స్తంభం తలలోంచి మొలిచినట్టుంటే రెండడుగులు పక్కకి జరిగితే పోతుంది. ఫ్లెక్సీలు అలా పోవు, దిక్కు మార్చాల్సిందే. ఆగస్టు 23 లోపు సాధన ముగించు. జయంతి దండలు పడ్డాక గడ్డం దాకా పూలే కనపడతాయి. దండ నువ్వు తియ్యకూడదు, పీఠమూ ఎక్కకూడదు.

ఇక ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకి ఎంత వెలుగు ఇవ్వాలన్నది. వెనక ఆకాశం ఉంటే కెమెరా ఆ వెలుగు చూసి విగ్రహాన్ని బొగ్గు చేస్తుంది, ఒక స్టాప్ పెంచు (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). వెనక ముదురు చెట్లు ఉంటే తిరగబడుతుంది, నల్ల కంచుని బూడిద రంగు చేస్తుంది, ముప్పావు స్టాప్ తగ్గించు. మన దగ్గర బంగారు రంగు పూసిన విగ్రహాలు మామూలే. వాటికి నుదురు, ముక్కుకొన తెల్లగా కాలిపోతాయి, అక్కడా తగ్గించాల్సిందే. రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలో వదిలితే బంగారు రంగు పాలిపోతుంది, డేలైట్‌లో పెట్టు. కెమెరాలో ఎఫ్/8, ఐఎస్ఓ 100 లేదా 200, షట్టర్ 1/125కి తగ్గకుండా. ఫోన్‌లో ముఖం మీద వేలు పెట్టి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని కిందికో పైకో లాగు. హెచ్‌డీఆర్ ఆపెయ్యి, అది నీడల్ని ఎత్తేసి కంచుని సిమెంటులా చేస్తుంది.

వాన పడి ఆగిన పావుగంట వదులుకోకు. తడిసిన కంచు ముదురుతుంది, బట్టల ముడతల అంచులు మెరుస్తాయి. విల్సన్ గారు మంచుబండి ప్రయాణపు దుస్తుల్లో ఉంటారు కాబట్టి ఆ ముడతలే సగం అందం. నీటి మెరుపు ఎక్కువైతే లెన్సు ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తిప్పు. నీటి మెరుపునే అది తగ్గిస్తుంది, వట్టి లోహపు మెరుపుని తగ్గించలేదు. ఒకటిన్నర స్టాపు వెలుగు కూడా తినేస్తుంది, చూసుకో.

పీఠం మీది అక్షరాలు విడిగా తియ్యి. చీకటి పడేవేళ టార్చి గోడకి ఆనించినట్టు పక్కనుంచి వేస్తే అరిగిన అక్షరం కూడా నీడతో లేస్తుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ మిగలదు.

అనుమతి గురించి భయపడకు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీయడానికి మన 1957 కాపీరైట్ చట్టమూ ఒప్పుకుంటుంది, వాళ్ళ 1988 చట్టమూ ఒప్పుకుంటుంది. కాలిబాట మీద ట్రైపాడ్ కాళ్ళు చాపి నడిచేవాళ్ళకి అడ్డం పెట్టకు, అంతే.

తీసినవి నాకు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపు. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, కనురెప్ప గీత చెంపలో కలిసిపోతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న, ఒంగోలు